తూటా పొడవు ప్రతిసారీ ఒకేలా రావడం లేదు: లోపం డైలోనా, కొలతలోనా?

కొత్తచేయి

సభ్యులందరికీ నమస్కారం. లైసెన్సు వచ్చాక ఇంట్లోనే తూటాలు తిరిగి నింపుకోవడం మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. .308 వించెస్టర్ కేసుల్లో (పౌడరు నింపే ఇత్తడి గొట్టాల్లో), మొన దగ్గర సన్నని రంధ్రం ఉండే మ్యాచ్ బుల్లెట్లు వాడుతున్నాను. మొత్తం పొడవు 71.00 మి.మీ. రావాలని, ప్రెస్‌లో బిగించి బుల్లెట్‌ను కేసులోకి దింపే డై సరిచేసుకుని నిన్న రాత్రి 20 తూటాలు చేశాను. తీరా వరుసగా కొలిచి చూస్తే అతి పొట్టిది 70.90, అతి పొడుగుది 71.17 వచ్చాయి. ఈ కేసుకు గరిష్ఠ పొడవు 71.12 మి.మీ. కాబట్టి రెండు తూటాలు ఆ గీత కూడా దాటిపోయాయి.

నేను అశ్రద్ధగా చేశానని అనుకోవద్దు. ఒక్కో తూటా చేయగానే కొలిచి, పొడవు ఎక్కువైతే సీటింగ్ స్టెమ్‌ను (డై లోపల బుల్లెట్‌ను నెట్టే కడ్డీని) కాస్త కిందికి, తక్కువైతే పైకి తిప్పుతూ వచ్చాను. అయినా తేడా తగ్గకపోగా, చివరి ఐదారు తూటాల్లో మరింత పెరిగింది. డై మార్చమంటారా, ప్రెస్ మార్చమంటారా? ఏదైనా ఖర్చుతో కూడిన పనే కనుక ముందుగా మీ అందరి అభిప్రాయం అడుగుతున్నాను.

పాతకొలత

కొత్తచేయి గారూ, ఏదీ కొనకండి. ముందు డబ్బాలోంచి ఒక 20 బుల్లెట్లు తీసి, ఏ కేసులోనూ పెట్టకుండా విడిగా వాటి పొడవు కొలిచి ఇక్కడ రాయండి. మీరు చెప్పిన 0.27 మి.మీ. తేడాలో అధిక భాగం అక్కడే దొరుకుతుందని నా నమ్మకం.

కారణం చెబుతాను. సీటింగ్ స్టెమ్ బుల్లెట్ మొనను తాకదు. మొనకు దిగువన, బుల్లెట్ ఒంపు తిరిగే చోట, అంటే మనం ఓజివ్ అనే భాగంలో, ఒక వలయం మీద ఆని కిందికి నెడుతుంది. కాబట్టి ప్రెస్ ప్రతిసారీ ఒకే లోతుకు నెట్టినా, ఆ వలయానికి పైన మిగిలిన మొన ఎంత పొడవుంటే తూటా అంత పొడవుగా కనిపిస్తుంది. రంధ్రమున్న మ్యాచ్ బుల్లెట్లలో రాగి తొడుగు అంచులు మొన దగ్గర ఎగుడుదిగుడుగా ముగుస్తాయి. సీసం మొన ఉన్నవైతే డబ్బాలో ఒకదానికొకటి తగిలి నలుగుతాయి. మీరు మాత్రం మొన నుంచి అడుగు దాకా కొలుస్తూ, ఆ తేడాను స్టెమ్ తిప్పి సరిచేయాలని చూస్తున్నారు.

లేతుపని

పాతకొలత గారి మాటకు నాదొక చేర్పు. నేను ముప్పై ఏళ్లు యంత్రాల దగ్గర పని చేసినవాణ్ణి. ముక్క ముక్కకీ అమరిక మార్చే కొత్త కుర్రవాళ్ల చేతిలో సరుకు ఎంతగా పాడయ్యేదో కళ్లారా చూశాను. యంత్రంలో సహజంగా ఉండే చిన్న ఊగిసలాటను లోపం అనుకుని, ఒక ముక్క పొడుగు వచ్చిందని ఇటు తిప్పి, మరుసటిది పొట్టి వచ్చిందని అటు తిప్పితే, యంత్రం ఊగిసలాటకు మన చేతి ఊగిసలాట తోడవుతుంది. మీ చివరి ఐదారు తూటాల్లో తేడా పెరగడానికి కారణం ఇదే. డై ఒకసారి అమర్చి, బిగించి, కనీసం పది తూటాలు చేసేదాకా దాన్ని తాకకండి. ఆ పదింటి సగటు తప్పితే అప్పుడు తిప్పండి. ఒక్కటి తప్పితే తిప్పకండి.

రెండో సంగతి. ఒకే తూటాను తీసుకుని, ప్రతిసారీ కాలిపర్ (దవడల మధ్య పెట్టి పొడవు కొలిచే పరికరం) పూర్తిగా మూసి సున్నా చూసుకుని, పదిసార్లు కొలవండి. సాధారణ డిజిటల్ కాలిపర్ తెర మీద 0.01 మి.మీ. దాకా అంకెలు కనిపిస్తాయి, కానీ దాని ఖచ్చితత్వం 0.02 లేదా 0.03 మి.మీ. దగ్గరే ఆగుతుంది. బొటనవేలి ఒత్తిడి మారినా, తూటా దవడల మధ్య ఇసుమంత వాలినా రెండో దశాంశం మారిపోతుంది. కొలిచే పరికరం ఎంత ఊగుతుందో తెలియకుండా, కొలిచిన వస్తువు ఊగుతోందని తీర్పు చెప్పలేము.

కొత్తచేయి

మీరిద్దరూ చెప్పినట్టే చేశాను. ఒకే తూటాను పదిసార్లు కొలిస్తే 70.99 నుంచి 71.03 దాకా వచ్చింది. విడి బుల్లెట్లు 20 కొలిస్తే పొట్టిదానికీ పొడుగుదానికీ 0.21 మి.మీ. తేడా ఉంది. భూతద్దం కింద పెట్టి చూశాను. పొడుగు బుల్లెట్టు మొన అంచు ఒక పక్కకు నాలుక చాచినట్టు లేచి ఉంది, పొట్టిదాని అంచు కత్తెరతో కోసినట్టు చదునుగా ఉంది. రెండూ ఒకే డబ్బాలోవే.

అంటే ఇన్నాళ్లూ నేను తూటాను కాక బుల్లెట్ ముక్కును కొలిచానన్నమాట. మరి ఏ పొడవు కొలవాలి?

పాతకొలత

కేసు అడుగు నుంచి ఓజివ్ దాకా కొలవాలి. అందుకు కంపారేటర్ అనే చిన్న ఉపకరణం దొరుకుతుంది. కాలిపర్ ఒక దవడకు బిగించుకునే దిమ్మె, అందులో పెట్టుకునే రంధ్రం గల బిళ్ల, అంతే. రంధ్రం బుల్లెట్ వ్యాసం కన్నా కాస్త చిన్నదిగా ఉంటుంది. మీ బుల్లెట్ వ్యాసం 7.82 మి.మీ. కనుక బిళ్ల రంధ్రం అంతకు తక్కువ. బుల్లెట్ ముక్కు ఆ రంధ్రంలోంచి లోపలికి దూరి, ఒంపు మీద ఒక చోట ఆగుతుంది. అక్కడి నుంచి అడుగు దాకా వచ్చిన కొలతే మీకు కావలసింది. బ్యారెల్ లోపల బుల్లెట్‌ను తిప్పే రైఫ్లింగ్ గట్లను తాకేది కూడా బుల్లెట్ ఒంపులో దాదాపు ఆ ప్రాంతమే గానీ మొన కాదు.

ఒక హెచ్చరిక. ఈ అంకె మీకూ మీ బిళ్లకూ మాత్రమే పనికొస్తుంది. వేరొకరి బిళ్ల రంధ్రం కాస్త తేడాగా ఉన్నా వారి అంకె మీ అంకెతో కలవదు. కనుక ఎవరో 56.20 అని రాశారని మీరూ 56.20కి అమర్చుకోకండి.

మొత్తం పొడవును పూర్తిగా వదిలేయమని అనడం లేదు. తూటా మ్యాగజైన్‌లో పట్టాలి గనుక ఆ కొలత కావాలి. మీ బుల్లెట్లలో అతి పొడుగు మొన ఉన్నదాన్ని తీసుకుని, అది కూడా గీత దాటకుండా ఉండేట్టు లోతు నిర్ణయించుకోండి. ఆ తర్వాత ఓజివ్ కొలతతోనే పని నడపండి.

నిదానం

నా పని అంతా 9 మి.మీ. పిస్టలు తూటాలతో, అదీ నాలుగైదు స్థానాలుండే ప్రోగ్రెసివ్ ప్రెస్ మీద. ఇక్కడి చిక్కులు వేరు గనుక రాస్తున్నాను. నా పొడవులు ఒక సమయంలో ఒక వింత వరుసలో మారేవి. మొదటి మూడు తూటాలు ఒక పొడవు, మధ్యవన్నీ మరో పొడవు, చివరి మూడు మళ్లీ మొదటి పొడవుకే వచ్చేవి. కొన్ని వారాలు తల బద్దలు కొట్టుకున్నాక అర్థమైంది. కేసులను పట్టి ఉంచే పళ్లెంలోని స్థానాలన్నీ నిండి ఉన్నప్పుడు, ఒక పక్క కేసు సైజు చేసే, అంటే పేలిన కేసును తిరిగి సరైన కొలతకు నొక్కే డై బలంగా నొక్కడం వల్ల పళ్లెం ఇంచుక వాలుతుంది. మొదట్లోనూ చివర్లోనూ కొన్ని స్థానాలు ఖాళీగా ఉంటాయి కనుక ఆ వాలు మారుతుంది. అప్పటి నుంచి పళ్లెం పూర్తిగా నిండి ఉండగానే డై అమర్చుకుంటున్నాను. మొదటివి, చివరివి విడిగా పెట్టి కొలుస్తాను.

మరొకటి మైనం సంగతి. మైనం పూసిన సీసం బుల్లెట్లు వాడేవారు గమనించాలి. నూరు తూటాలు దాటేసరికి సీటింగ్ స్టెమ్ లోపల మైనం, సీసపు పొట్టు కలిసి గట్టిగా పేరుకుంటాయి. ఆ పొర మందం ఎంత పెరిగితే బుల్లెట్ అంత లోతుకు దిగుతుంది. ఇందులో పొడవులు అటూ ఇటూ ఊగవు, మెల్లగా ఒకే దిశలో తగ్గుతూ పోతాయి. తగ్గుతున్న వరుస కనిపిస్తే డై విప్పి తుడవాలి, తిప్పకూడదు.

కొత్తచేయి

నిదానం గారూ, చిన్న ప్రశ్న. నా తూటాల్లో పదో వంతు మిల్లీమీటరు లోతుగా దిగినా ప్రమాదమేమీ ఉండదు కదా? పిస్టలు తూటాల్లో మాత్రం పొట్టివి ప్రమాదమని ఎక్కడో విన్నాను.

నిదానం

ప్రమాదం అంకెలో కన్నా కేసు లోపలి చోటులో ఉంటుంది. 9 మి.మీ. కేసులో బుల్లెట్ దిగాక పౌడరుకు మిగిలేది చాలా తక్కువ చోటు. బుల్లెట్ ఇంకాస్త లోపలికి జారితే ఆ కొద్ది చోటులో పెద్ద వంతు పోతుంది, పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. .308లో లోపలి చోటు ఎక్కువ కాబట్టి పదో వంతు మిల్లీమీటరు దాని పీడనంలో పెద్ద మార్పు తేదు. అయితే మీరు పుస్తకంలోని గరిష్ఠ పౌడరు దగ్గర ఉంటే ఈ మాట నమ్ముకుని కూర్చోకండి. పుస్తకంలో ఇచ్చిన పొడవు ఆ బుల్లెట్‌కే చెల్లుతుంది. అదే బరువున్న మరో బుల్లెట్‌కు వర్తించదు.

పిస్టలు వాడేవారికి ఇంకొక మాట. ఒకే తూటాను పదేపదే ఛాంబర్‌లోకి ఎక్కించి దించుతుంటే, ఫీడ్ ర్యాంప్‌కు (తూటాను ఛాంబర్‌లోకి మళ్లించే వాలుకు) తగిలిన ప్రతిసారీ బుల్లెట్ కొద్దికొద్దిగా లోపలికి జారవచ్చు. చేసిన రోజు సరిగ్గా ఉన్న పొడవు నెల తర్వాత అలాగే ఉందని అనుకోకూడదు. నేను చేసిన ప్రతి పూటా నాలుగైదు తూటాలు తీసి, బుల్లెట్‌ను బల్ల అంచుకు ఆన్చి బొటనవేళ్లతో బలంగా నొక్కి, మళ్లీ కొలుస్తాను. కదిలితే బుల్లెట్‌ను పట్టి ఉంచే కేసు మెడ పట్టు చాలడం లేదని అర్థం.

ఇత్తడిమెడ

ఇందాకటి నుంచి నేను ఎదురుచూస్తున్న మాట ఇప్పుడొచ్చింది, మెడ పట్టు. మొన తేడాను పక్కన పెట్టాక, ఓజివ్ కొలతలో మిగిలే అసలు తేడాకు మూలం చాలావరకు కేసు మెడే. బుల్లెట్‌ను దింపడానికి పట్టే బలం కేసు కేసుకీ మారితే, ప్రెస్ చేయి, ర్యామ్ (కేసును పైకెత్తే కడ్డీ), స్టెమ్ అన్నీ ఆ బలానికి తగ్గట్టు ఇంచుక వంగుతాయి. సులువుగా దిగిన బుల్లెట్ కాస్త లోతుకు, బిగుసుగా దిగినది కాస్త పైకి ఆగుతుంది. ప్రెస్ చేయి పట్టుకున్న అరచేతికే ఇది తెలుస్తుంది. నేను బిగుసుగా దిగిన ప్రతి తూటా అడుగున పెన్నుతో చుక్క పెట్టి, ఆ తర్వాత కొలిచేవాణ్ణి. చుక్క ఉన్నవే పొడుగు.

బిగుసు మారడానికి కారణాలు నాలుగైదున్నాయి. ఇత్తడి పేల్చి సైజు చేసిన ప్రతిసారీ గట్టిపడుతుంది. రెండుసార్లు పేల్చిన కేసులూ, ఏడుసార్లు పేల్చినవీ కలిపి వాడితే మెడలు ఒకేలా పట్టవు. వేర్వేరు కంపెనీల కేసులు కలిపితే మెడ మందాలే వేరు. అనీలింగ్, అంటే మెడను, భుజాన్ని మాత్రమే వేడి చేసి మెత్తబరచడం, ఈ తేడాను సరిచేస్తుంది. ఆ వేడి కేసు అడుగు భాగానికి పాకనివ్వకూడదు. పీడనాన్ని ఆపేది అదే, అది మెత్తబడితే కేసు వాడకానికే పనికిరాదు.

ఇక శుభ్రత. అతి శుభ్రం కూడా చేటే. స్టీలు పిన్నులతో నీళ్లలో తిప్పి కడిగిన కేసుల మెడ లోపల మసి మొత్తం పోయి, నగ్న ఇత్తడి బుల్లెట్ రాగిని కరిచి పట్టుకుంటుంది. పైగా పిన్నుల తాకిడికి కేసు మూతి అంచు మొద్దుబారి లోపలికి మడుచుకుంటుంది. నేను మెడ లోపల ఉండే ఆ పలుచని మసిని ఉంచేస్తాను, కడిగినవైతే పొడి గ్రాఫైట్ అద్దుతాను. మూతిని చాంఫర్ చేయడం, అంటే అంచును ఏటవాలుగా చెక్కడం, ఎలాగూ తప్పదు.

గురిచూపు

అందరూ మంచి మాటలే చెప్పారు గానీ, నాకొక అభ్యంతరం ఉంది. కాలిపర్‌తో 0.02 మి.మీ. వెంట పరుగెత్తడం ఒక వ్యసనంగా మారుతుంది. నేను పోటీల్లో పాల్గొనేవాణ్ణి. ఒకప్పుడు తూటాలను ఓజివ్ కొలత ప్రకారం మూడు డబ్బాలుగా వేరుచేసేవాణ్ణి. ఒకరోజు డబ్బాల పేర్లు కనబడకుండా చేసి, మా అబ్బాయి చేత కలిపించి, ఏ తూటా ఏ డబ్బాదో తెలియకుండా కాల్చాను. అటూ ఇటూ 0.05 మి.మీ. తేడా ఉన్న తూటాలను లక్ష్యం మీది రంధ్రాలను చూసి గుర్తుపట్టలేకపోయాను. గాలిని చదవడానికి వెచ్చించాల్సిన గంటలను కాలిపర్‌కు ధారపోస్తున్నామేమో ఆలోచించండి.

పాతకొలత

గురిచూపు గారూ, మీ రైఫిలు, మీ బుల్లెట్ ఆ తేడాను ఓర్చుకున్నాయి. గట్లకు దూరంగా దిగి పనిచేసే బుల్లెట్లు సాధారణంగా అలాగే ఓర్చుకుంటాయి. కానీ గట్లను తాకీ తాకనట్టు అమర్చుకునేవారు 0.05 తేడాతో కొన్ని తూటాలు తాకేట్టు, కొన్ని తాకనట్టు చేస్తారు. గట్లకు ఆనిన బుల్లెట్ పీడనాన్ని పెంచుతుంది. అటువంటివారికి ఈ కొలత గురి కోసమే కాదు, భద్రత కోసం కూడా.

గురిచూపు

అంత దగ్గరగా అమర్చుకోవడమే నాకు సమ్మతం కాదు. గట్లకు ఆనించిన తూటాను కాల్చకుండా బయటికి తీయబోతే బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుని, కేసు మాత్రం చేతికొచ్చి, పౌడరంతా రైఫిలు యంత్రాంగంలో ఒలికిపోయిన పోటీ రోజు నాకు ఇంకా గుర్తుంది. ఈ విషయంలో మనం ఏకీభవించబోము, వదిలేద్దాం.

లేతుపని

ఒక చిన్న లెక్క, కొత్తచేయి గారికి. డై బయటి మర అంగుళానికి 14 చుట్లది. అంటే డైని ఒక పూర్తి చుట్టు తిప్పితే 1.81 మి.మీ. కదులుతుంది. 0.05 మి.మీ. కావాలంటే చుట్టులో ముప్పై ఆరో వంతు, అంటే పది డిగ్రీలు. లాక్ రింగు వదులుగా ఉంటే చేతి తాకిడికే అంత తిరుగుతుంది. షెల్‌హోల్డర్‌లో (ర్యామ్ మీద కేసు అడుగును పట్టే బిళ్లలో) కేసు ఉంచి, ర్యామ్ పైకెత్తి, డై మీద ఒత్తిడి ఉండగానే రింగు బిగించండి. షెల్‌హోల్డర్ గాడిలో పౌడరు రేణువు, ఇత్తడి పొట్టు ఉన్నాయేమో కూడా చూడండి.

సీటింగ్ (బుల్లెట్ దింపడం), క్రింపు (కేసు మూతిని బుల్లెట్ మీదికి ముడవడం) రెండూ ఒకే డైతో చేస్తున్నారా? చేస్తుంటే విడదీయండి. బుల్లెట్ ఇంకా కిందికి దిగుతుండగానే మూతి ముడుచుకోవడం మొదలవుతుంది. కేసుల పొడవు సమానంగా లేకపోతే పొడుగు కేసు ముందే కరిచి, బుల్లెట్‌ను మధ్యలో ఆపేస్తుంది. .308 కేసు గరిష్ఠ పొడవు 51.18 మి.మీ. చాలామంది 50.93 దాకా కోసి పెట్టుకుంటారు.

కొత్తచేయి

క్రింపు చేయడం లేదు. మిగిలినవన్నీ పాటించి రెండో విడత చేశాను. ఒకే కంపెనీవి, మూడేసి సార్లు పేల్చిన కేసులు తీసుకుని, మెడల్లో గ్రాఫైట్ అద్ది, డై బిగించి, 20 తూటాలు పూర్తయ్యేదాకా స్టెమ్ జోలికి పోలేదు. కంపారేటర్‌తో కొలిస్తే 19 తూటాలు 0.05 మి.మీ. లోపల ఒదిగాయి. మొన నుంచి కొలిస్తే ఇప్పటికీ 0.20 దాకా తేడా చూపిస్తున్నాయి, దాన్ని చూసి ఇప్పుడు కంగారు పడటం లేదు.

ఇరవయ్యోది మాత్రం మిగతావాటి సగటు కన్నా 0.11 మి.మీ. పొడుగు. దింపేటప్పుడు బిగుసు కూడా అనిపించలేదు. ప్రెస్‌లో పెట్టి మరోసారి నొక్కినా అంకె మారలేదు.

ఇత్తడిమెడ

తూటాను తిరగేసి అడుగు చూడండి. కాలిపర్ దవడ దేనికి ఆనుతోంది?

కొత్తచేయి

ప్రైమర్‌కు, అంటే అడుగున పౌడరును అంటించే చిన్న మందు గిన్నెకు! బల్ల మీద నిలబెడితే తూటా కుదురుగా నిలవడం లేదు, వేలితో తాకితే కాస్త ఊగుతోంది. ప్రైమర్ అడుగు అంచు కన్నా బయటికి ఉంది. ర్యామ్‌తో ఇంకాస్త లోపలికి నొక్కేయనా?

లేతుపని, నిదానం గార్లు ఇద్దరూ ఒకే నిమిషంలో రాసిన జవాబులు

లేతుపని: నొక్కకండి. పౌడరు నిండి, బుల్లెట్ బిగిసిన తూటాలో ప్రైమర్‌ను నొక్కడం ఎప్పుడూ చేయకూడని పని.

నిదానం: నొక్కొద్దు. సుత్తిలా కొట్టి బుల్లెట్ ఊడదీసే సాధనం కూడా దీనికి వాడకండి, ప్రైమర్ బయటికి ఉంది. కొలెట్ రకం పుల్లర్‌తో (బుల్లెట్‌ను బిగించి పట్టి లాగేదానితో) ప్రెస్ మీదనే మెల్లగా లాగి, పౌడరు తిరిగి పోసేయండి.

కొత్తచేయి

కళ్లద్దాలు పెట్టుకుని, కొలెట్ పుల్లర్‌తో నెమ్మదిగా లాగాను. బుల్లెట్, పౌడరు విడిగా వచ్చేశాయి. ప్రైమర్ ఉన్న ఆ కేసును రైఫిల్లో పెట్టి సురక్షితమైన చోట ఉత్తి ప్రైమర్‌గా పేల్చేసి, ఆ తర్వాత దాన్ని తీశాను. ప్రైమర్ గుంత అడుగున పాత మసి అట్టలా పేరుకుని ఉంది. మిగతా 19 కేసులనూ బల్ల మీద నిలబెట్టి చూశాను, ఏదీ ఊగలేదు. ప్రైమర్ గుంతలు గీకే పుల్లను ఈ రోజు నుంచి కాలిపర్ పక్కనే పెట్టుకుంటున్నాను.